మొవ్వు ఎరిగిన మనిషి

పి.గన్నవరం దాటాక కాలవగట్టు పక్కన ఒక డాబా ఇల్లు. ఏడాదిలో పది నెలలు తాళమే. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు హైదరాబాద్ నుంచి దిగిన ఆ ఇంటావిడ కాయల దింపుకి కబురు పెట్టారు. పెరట్లో పదకొండు చెట్లు. వచ్చిన మనిషి పది చెట్లు చకచకా ఎక్కి దిగాడు. పదకొండో చెట్టు దగ్గర మాత్రం ఆగిపోయాడు. కాళ్లకు బంధం వేసుకోలేదు. మానుని రెండు చేతులా కావలించుకుని, కుడి చెవి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడిపోయాడు.

"ఏంటయ్యా, నాకవతల బోలెడు పనుంది. తొందరగా కానీ" అన్నారావిడ.

"కాత్త ఉండండమ్మగారూ. లోపల కొరుకుతున్న చప్పుడు వినపడతందండి."

పక్కనే ఉన్న నన్నూ పిలిచి వినమన్నాడు. మొదట ఏమీ తెలియలేదు. ఊపిరి బిగబట్టాక, తడి గుడ్డని ఎవరో గోళ్లతో గీరుతున్నట్టు సన్నటి చప్పుడు. నా నడుమెత్తున చిన్న బెజ్జం, దానిలోంచి కారి గడ్డకట్టిన గోధుమరంగు జిగురు. ఎర్రముక్కు పురుగు. దాని పిల్లలు మాను లోపలి మెత్తటి భాగాన్ని తినేస్తున్నాయి. పైన ఆకులింకా పచ్చగానే ఉన్నాయి. ఆ పచ్చదనం చూసి మోసపోయి ఎక్కితే తల విరిగి మనిషితో సహా కింద పడిన సందర్భాలు ఈ పనివాళ్లందరికీ తెలుసు. "ఇది ఎక్కనండి. వెంటనే మందు పెట్టించండి, లేదంటే పక్క చెట్లకీ అంటుకుంటది" అని చెప్పి తాడు చుట్టేసుకున్నాడు.

ఆవిడ పది చెట్లకు లెక్కగట్టి డబ్బులిచ్చారు. పదకొండో చెట్టు ఎక్కలేదు కాబట్టి దానికేమీ లేదు.

ఈ కథనం అక్కడే నాలో మొదలైంది. ఆ రోజు అతను చేసిన పనులన్నిట్లో విలువైనది ఆ చెట్టుకి చెవి ఆనించడమే. మిగతా పది చెట్లనీ కాపాడే మాట దాని వల్లే తెలిసింది. దింపు కూలి మాత్రం చెట్టుకింత అని. చూసినందుకు, విన్నందుకు, ఎక్కకూడదని చెప్పినందుకు కోనసీమలో ఎవరూ కూలి కట్టలేదు.

కొబ్బరి చెట్టు ఏడాదికి దాదాపు పన్నెండు ఆకులు వేస్తుంది. ప్రతి ఆకు మట్ట సందులోంచి ఒక పొత్తి పగులుతుంది. పూత విచ్చాక కాయ ముదరడానికి పదకొండు, పన్నెండు నెలలు. అందుకే ఏ రోజు ఎక్కి చూసినా మొవ్వు చుట్టూ అన్ని వయసుల గెలలూ ఉంటాయి. పిందె, లేత బొండాం, కుదిరిన కాయ, ముదిరిన కాయ. రెండు నెలలకోసారి ఎక్కే మనిషి కొడవలి వెనకతో తట్టి, తొడిమ రంగు చూసి, ఏ గెల దించాలో ఏది ఉంచాలో కొన్ని క్షణాల్లో తేల్చుకోవాలి. నేలమీద నిలబడ్డవాడికి అరవై, డెబ్బై అడుగుల పైన జరిగే ఈ నిర్ణయం కనపడదు. కనపడదు కాబట్టే కింద నుంచి కేకలు. "ఆ గెల కూడా కొట్టెయ్." "అదెందుకు వదిలేశావ్?" "అంత పైకెళ్లి నాలుగు కాయలేనా?"

దింపు కార్మికులతో, చెట్లు నరికే బృందాలతో అంబాజీపేట, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల కొన్ని రోజులు తిరిగాను. ఇళ్లవాళ్ల గురించి అడిగితే ముందు నవ్వుతారు. "అందరూ మంచోళ్లేనండి, ఆయ్" అంటారు. రెండో టీ తాగాక అసలు సంగతులొస్తాయి.

మట్టల తగవు అందరికీ ఉంది. ఇంటి యజమానికి చెట్టు శుభ్రంగా, క్షవరం చేసినట్టు కనపడాలి. పచ్చి మట్టలు కూడా మొదలంటా నరికెయ్యమంటారు. అది చెయ్యకూడదు. పచ్చి మట్ట కొయ్యాల్సి వస్తే మానుకి నాలుగడుగులు వదిలి కొయ్యాలని పరిశోధకులు చెబుతారు. మొదట్లో కోస్తే పచ్చి గాయం వాసనకి ఎర్రముక్కు పురుగు వచ్చి అక్కడే గుడ్లు పెడుతుంది, పిల్లలు నేరుగా మానులోకి దిగుతాయి. ఎక్కడానికి వీలుగా మాను మీద మెట్ల గాట్లు పెట్టినా ఇదే ప్రమాదం. మా ఇంట్లోనూ ఈ తప్పు జరిగింది. గృహప్రవేశానికి ముందు వాకిట్లో చెట్టు చూడముచ్చటగా ఉండాలని మా వాళ్లు పట్టుబట్టి మట్టలన్నీ మొదలంటా కొట్టించారు. "వద్దండీ బాబూ" అని ఆ మనిషి రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనలేదు, కొట్టేశాడు. రెండేళ్లు తిరక్కుండా ఆ చెట్టు తల వాల్చింది. మా నాయనమ్మ ఆ మొదలు దగ్గర చాలా రోజులు పసుపు నీళ్లు పోసింది.

"కన్నకొడుకు కూడు పెట్టకపోయినా కొబ్బరి చెట్టు పెడుతుంది" అని మన నోట నానిన మాట. ఆ చెట్టుని రెండు నెలలకోసారి పరీక్ష చేసే వైద్యుడిని మాత్రం వాకిట్లో నిలబెట్టి బేరమాడతాం.

మొవ్వులో అతను చేసేదేమిటో చూద్దాం. కొమ్ము పురుగు విచ్చుకోని ఆకుని కొరికితే, ఆ ఆకు విచ్చాక కత్తెరతో కత్తిరించినట్టు కనపడుతుంది. ఆ గుర్తు చూడగానే ఇనుప కొక్కెం పెట్టి పురుగుని లాగి చంపాలి. పై మూడు మట్టల సందుల్లో వేపపిండి, ఇసుక కలిపి వెయ్యాలి, లేదా కలరా ఉండలు పెట్టి ఇసుక కప్పాలి. ఎండిన పొత్తులు, పీచు, ఎలుక కొరికిన కాయలు తీసేసి మొవ్వు శుభ్రం చెయ్యాలి. ఇంతా చేస్తే చెట్టుకి ఇంకో పావుగంట పడుతుంది. ఒక్క చెట్టు కూలికి ఆ పావుగంట ఇవ్వడం ఎవరికైనా కష్టం. ఇచ్చేవాళ్లున్నారు. వాళ్లని ఇళ్లవాళ్లు "నిదానం మనిషి" అంటారు. పైగా కొమ్ము పురుగు పుట్టేది పెరటి పెంటకుప్పలో. ఆ కుప్ప మీద మెటారైజియం శిలీంధ్రం చల్లమని చెబితే వినే ఇల్లు తక్కువ.

వేరు ద్వారా మందు పెట్టిన చెట్టు తగవు ఇంకా తీవ్రమైనది. వేరు కోసి, పురుగుమందు పొట్లం కట్టి చెట్టుకి తాగించాక 45 రోజుల దాకా కాయ దించకూడదు. పండగ దగ్గర పడ్డప్పుడో అంబాజీపేట మార్కెట్‌లో ధర లేచినప్పుడో ఆ లెక్క మరిచిపోతారు. రాజోలు దగ్గర ఒక దింపు మనిషి చెట్టు మొదట్లో కొత్తగా తవ్విన మన్ను చూసి, "మందెప్పుడు పెట్టారండి?" అని అడిగాడట. సూటిగా జవాబు రాకపోయేసరికి ఆ తోటే ఎక్కకుండా వచ్చేశాడు. ఆ రోజు కూలి పోయింది. తర్వాత ఆ ఇంటివాళ్లు పిలవడం మానేశారు.

కువైట్ ఫోన్లది వేరే తీరు. రాజోలు, మలికిపురం వైపు గల్ఫ్‌కి వెళ్లినవాళ్లున్న ఇళ్లు ఎన్నో. అక్కడ ఇంటిపనికి వెళ్లిన అమ్మ, ఇక్కడి పెరటి చెట్లని వీడియో కాల్‌లో చూపించమంటుంది. ఎక్కే మనిషి జేబులో ఫోను, చెవిలో తీగ, నడుముకి కత్తి. "బాబాయ్, ఆ మూల చెట్టు మొవ్వు చూపించు" అని గొంతు. చెట్టెక్కినవాడి చెయ్యి ఫోను మీద ఉండకూడదని ఎవరికైనా తెలుసు. కాని ఆ గొంతులోని బెంగ విని కాదనలేక చూపించేవాళ్లున్నారు. వీళ్లని కష్టపెట్టే ఇళ్ల లెక్కలో నేనైతే ఈమెని వెయ్యను.

నరికే పనికొస్తే బేరం ముదురుతుంది. వాస్తు పేరు చెప్పి ఈశాన్యం మూల కాపు చెట్టుని కొట్టించడం మన ఊళ్లలో పెరిగిపోయింది. నలభై ఏళ్ల చెట్టు, ఇంకో పాతికేళ్లు కాయగలది. దాన్ని కొట్టమని పిలిచినప్పుడు కూలి వస్తుందన్న సంతోషం నేను మాట్లాడిన ఒక్క పనివాడి ముఖంలోనూ చూడలేదు. ఇంటికీ గోడకీ మధ్య ఉన్న చెట్టుని పడగొట్టే వీలుండదు. ముందు మట్టలు, గెలలు దించాలి. తర్వాత పై నుంచి ముక్కలు ముక్కలుగా కోసి మోకు కట్టి ఒక్కొక్కటీ కిందికి వదలాలి. పక్కింటి రేకుల కప్పు పగిలితే ఎవరిది బాధ్యత అన్నది పని మొదలుపెట్టకముందు ఎవరూ మాట్లాడరు, పగిలాక అందరూ మాట్లాడతారు. కరెంటు తీగ పక్కనుంటే లైన్‌మేన్ చేత ఎల్‌సీ (లైన్ క్లియర్) తీయించి, సరఫరా ఆగిందని తేలాకే పైకెక్కాలి. "పొడి మట్టేగా, ఏం కాదు, కానిచ్చెయ్" అనే ఇల్లు ప్రతి ఊళ్లో ఉంటుంది. పచ్చి మట్ట తీగకి తగిలితే ఏమవుతుందో తెలిసిన మేస్త్రీ ఆ మాటకి బండి తిప్పేసుకోవాలి. తిప్పేసుకునేవాళ్లే ఇంకా పనిలో ఉన్నారు.

బండి సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. ఈ వృత్తిలో చెట్టు తర్వాత పోషించాల్సిన రెండో ప్రాణం అదే.

కొత్తపేట దగ్గర ఒక బృందానికి ఉన్నది పాత టాటా ఏస్. 2005లో వచ్చిన ఈ చిన్న బండి మన పల్లెల రవాణాని మార్చేసింది. రెండు సిలిండర్లు, 702 సీసీ డీజిల్ ఇంజన్, ముప్పావు టన్ను మొయ్యడానికి చేసిన బండి. ఇప్పుడు లెక్క చూడండి. ముదిరిన కొబ్బరి చెట్టు పచ్చి మాను బరువు దగ్గర దగ్గర టన్ను ఉంటుంది. ఇంటివారు చెప్పేది, "ఒక్క ట్రిప్పులో అంతా ఎత్తుకుపో, వాకిలి ఖాళీ చెయ్." వాళ్లకి రెండో ట్రిప్పు డీజిల్ వృథా ఖర్చు. బండికి ఆ ఒక్క ట్రిప్పు కమాన్ పట్టీ ఖరీదు. ఆ బృందం మేస్త్రీ బండి వెనక కట్టలో ఒక పట్టీ రంగు వేరుగా ఉంది, కొత్తది. "ముక్కామల అవతల గోతిలో పడి టప్పుమందండి. మొద్దులన్నీ రోడ్డు మీద దింపుకుని, జాకీ పెట్టి, రాత్రి పదకొండయ్యింది" అన్నాడు. ఆ రోజు కూలీ అంతా పట్టీకే సరిపోయిందట.

సాయంత్రం ఆ బండి కింద అతను పడుకుని చేసే పని చూశాను. గోనెసంచి పరుచుకున్నాడు. గ్రీజు గన్ను షాకిల్ పిన్నుల దగ్గర పెట్టి కొడుతుంటే పాత నల్ల గ్రీజు పురుగులా బయటికొచ్చి, వెనకే కొత్తది కనపడింది. కొత్తది కనపడే దాకా కొట్టాలన్నాడు. ఛాసిస్‌ని వేళ్లతో తడిమి తుప్పు పొర లేచినచోట ఇనుప బ్రష్‌తో గీరి, వాడేసిన ఇంజన్ ఆయిల్ గుడ్డతో పూశాడు. సఖినేటిపల్లి, అంతర్వేది, ఓడలరేవు వైపు పనికెళ్లొచ్చిన రోజు ఎంత రాత్రయినా బండి అడుగంతా మంచినీళ్లతో కడుగుతాడు. ఆ వైపు గాలిలో ఉప్పు, రొయ్యల చెరువుల పక్క దారుల్లో నీళ్లలోనూ ఉప్పే. కడగకుండా రెండు వర్షాకాలాలు వదిలేస్తే తొట్టి రేకు అట్టలా చేతికొస్తుందట.

రేడియేటర్‌లో మాత్రం కాలవ నీళ్లు పొయ్యడు. గోదావరి కాలవ నీళ్లు మన పొలాలకి అమృతం, ఆ ఒండ్రే రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటే ఇంజన్ ఉడికిపోతుంది. కొబ్బరి వలుపు జరిగే చోట్ల పీచు దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌లో దూరి ఊపిరాడనివ్వదు, అందుకని వారానికోసారి విప్పి దులుపుతాడు. తర్వాత చైన్ రంపం ముందేసుకుని కూర్చున్నాడు. కొబ్బరి మానులో ఇసుక గుణం ఉంటుంది, సిలికా అంటారు. పైగా బయటి అంచు ఇనుములా గట్టి, లోపల బెండులా మెత్తన. ఇలాంటి మాను మీద రంపం పళ్లు తొందరగా అరిగిపోతాయి. గుండ్రటి ఆకురాయి తీసుకుని ఒక్కో పన్నుకీ సమానంగా మూడేసి సార్లు, ఒకే వైపుకి తోస్తూ సాన పట్టాడు. పట్టినంతసేపూ మాట్లాడలేదు. లెక్క తప్పితే రంపం ఒక పక్కకి లాగుతుంది, చెట్టు మీద అది లాగితే మనిషి బ్యాలెన్స్ పోతుంది.

ఈ ఖర్చులేవీ బేరంలోకి రావు. "చెట్టు కొట్టడానికి అంతా?" అనే మాటలో గ్రీజు, పట్టీ, ఆకురాయి, టూటీ ఆయిల్, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ ఏవీ లేవు. అలాగని అడిగినంతా ఇచ్చెయ్యాలని నేననను. కొలత పెట్టుకోమంటాను. చెట్టు ఎత్తెంత, గోడకి ఎంత దూరం, తీగ ఉందా, మొద్దు ఎన్ని ట్రిప్పులు, పగిలితే ఎవరు పెట్టుకోవాలి. ఈ ఐదు మాటలు పని మొదలవకముందే అనుకున్న ఇళ్లలో తగవు రాలేదని అందరూ ఒప్పుకున్నారు.

తుపాను వస్తే మాత్రం ఈ బండ్లకీ మనుషులకీ బేరమే ఉండదు. 1996 నవంబర్ 6 రాత్రి తెల్లారేసరికి ఊళ్లకు ఊళ్లు కొబ్బరి తోటలు నేలమట్టమైన దృశ్యం మా తరం మరిచిపోదు. అప్పుడు చైన్ రంపాలు లేవు, గొడ్డళ్లతో దారి చేశారు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు ఇవే చిన్న బండ్లు మోకులు, రంపాలు వేసుకుని రోడ్ల మీదికొచ్చాయి. కోడలు నిండు నెలలతో ఉంది, వాకిట్లో చెట్టు పడింది, బాబూ రావా అన్న ఇంటికి ఎంతిస్తావని అడగకుండా వెళ్లొచ్చానని ఒకాయన చెప్పాడు. ఆ ఇల్లే అంతకు నెల ముందు అతన్ని బేరంలో ఏడిపించిన ఇల్లట. ఈ సంగతి అతను ఎత్తిపొడుపుగా చెప్పలేదు. అడిగితే చెప్పాడు.

ఎక్కే మనుషులు తగ్గిపోతున్నారు. కొడుకులు గల్ఫ్‌కో హైదరాబాద్‌కో వెళ్తున్నారు, వెళ్లడం న్యాయమే. కేరళ ఈ కొరత మనకంటే ముందు చూసింది. కన్నూరు జిల్లా చెంపేరికి చెందిన జోసెఫ్ అనే రైతు కాళ్లతో తొక్కుతూ ఎక్కే యంత్రం చేశాడు. కొబ్బరి అభివృద్ధి మండలి 2011లో 'కొబ్బరి చెట్టు నేస్తాలు' అనే శిక్షణ మొదలుపెట్టి, ఆరు రోజులు నేర్పి ఎక్కే పరికరం చేతికిచ్చింది. ఆడవాళ్లు కూడా నేర్చుకుని ఎక్కుతున్నారు. అదే మండలి 'కేరా సురక్ష' పేరుతో చెట్టెక్కేవాళ్లకి ప్రమాద బీమా నడుపుతోంది, ప్రాణం పోతే 7 లక్షల రూపాయల దాకా. నేను కలిసినవాళ్లలో దాని పేరు విన్నది ఒక్కరే. పెరట్లో పది చెట్లున్న ప్రతి ఇల్లూ తమ దింపు మనిషికి ఆ దరఖాస్తు నింపించి, కట్టాల్సిన వాటా తామే కట్టాలని నా గట్టి కోరిక.

చెట్టుకి వచ్చే కష్టాలేమో పెరుగుతున్నాయి. సర్పిలాకార తెల్లదోమ 2016లో దేశంలోకి వచ్చాక మన తోటల ఆకులు మసి పూసినట్టు నల్లబడ్డాయి. ఇళ్లవాళ్లు భయపడి ట్రాక్టర్ స్ప్రేయర్ తెచ్చి ఘాటు మందులు కొట్టమన్నారు. కొడితే ఆ దోమని తినే మిత్ర కీటకాలు కూడా చస్తాయి. అంబాజీపేటలో 1955 నుంచి ఉన్న ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లు ఐసేరియా అనే మేలు శిలీంధ్రాన్ని పెంచి రైతులకి ఇస్తూ, నీళ్లు గట్టిగా కొట్టి ఆకు కడిగినా చాలని చెబుతూ వచ్చారు. శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎగదన్ని తలలు రాలిన చెట్లు స్తంభాల్లా నిలబడ్డాయి. అక్కడ దింపు మనిషికి పని లేదు, నరికే బండికే పని. ఆ తోటల్లో మొద్దులెత్తిన మేస్త్రీ, "మా నాన్న ఈ చెట్లే ఎక్కేవాడండి" అని ఒక మొదలు మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు.

పి.గన్నవరం ఆవిడ ఇంటికి మళ్లీ వెళ్లాను, పండగ అయిపోయిన వారానికి. అక్కడ ఏస్ బండి ఆగి ఉంది. పదకొండో చెట్టు తల అప్పటికే వాలిపోయింది. పక్క చెట్లకి మందు పెట్టించి, ఈ చెట్టుని కొట్టించడానికి ఆవిడ తిరుగు ప్రయాణం వాయిదా వేసుకున్నారట. మొద్దు కోసి చీల్చితే లోపలంతా పిప్పి, ఆ పిప్పిలో బొటనవేలంత తెల్లటి పురుగులు కదులుతున్నాయి. ఆవిడ వంగి చాలాసేపు చూశారు. అప్పుడు చెవి ఆనించి విన్న మనిషే ఇప్పుడు మోకు చుడుతున్నాడు.

"ఆ రోజే చెప్పావు కదయ్యా" అన్నారావిడ.

"మిగతా పదీ బాగున్నాయండమ్మగారూ. పొద్దున్న వచ్చి అన్నిటికీ చెవి పెట్టి విన్నానండి."

"దానికెంత?"

అతనికి అర్థం కాలేదు. "దేనికండీ?"

"విన్నదానికి."

మోకు చుట్టే చెయ్యి ఆగింది. బండి దగ్గరున్న కుర్రాడు మొద్దుల లెక్క చూసి, "మేస్త్రీ, రెండో ట్రిప్పు ఏసేద్దామా?" అని కేకేశాడు. ఏసేద్దామన్నారు ఆవిడే, లోపలికెళ్లి పర్సు తెస్తూ.